అడుగుకు ఆరున్నర లీటర్లు: బోరుకు తగ్గ మోటరు లెక్క

ఆరున్నర ఇంచుల బోరులో అడుగు ఎత్తు నీళ్లుంటే ఆరున్నర లీటర్లు. ఇంచులూ లీటర్లూ ఒకే అంకె మీద కలవడం కాకతాళీయమే, కానీ గుర్తుపెట్టుకోవడానికి ఇంతకన్నా సులువైన లెక్క లేదు. 60 అడుగుల లోతున నీళ్లు నిలిచి, 200 అడుగుల దగ్గర మోటరు ఉందనుకుందాం. మోటరు పైన బోరులో ఉన్న నిల్వ 140 అడుగులు, అంటే 910 లీటర్లు. నాలుగున్నర డ్రమ్ములు, అంతే.

జనగామ వైపు మా రెండెకరాల చెలకలో 5 హెచ్‌పీ మోటరు రెండు వేసవుల్లో మూడుసార్లు కాలింది. ఎందుకు కాలిందో ఈ లెక్క వేశాకే నాకు తెలిసింది. ఆ లోతు నుంచి ఆ మోటరు గంటకు దాదాపు 11,000 లీటర్లు తోడగలదు. మా బోరులోకి ఊరేది గంటకు 5,000. తేడా 6,000, అంటే నిమిషానికి 100 లీటర్లు. 910 లీటర్ల నిల్వ తొమ్మిది నిమిషాల్లో ఖాళీ. ఎండాకాలం నీళ్లు 100 అడుగులకు దిగితే నిల్వ 650 లీటర్లే, ఆరున్నర నిమిషాల్లో అయిపోతుంది. ఆ తర్వాత పైపులోంచి నీళ్లు ఆగి ఆగి, గాలితో కలిసి చిమ్ముతుంటాయి. పంపు లోపలి బేరింగులకు పారే నీళ్లే నూనె. మోటరు ఒంటిని చల్లబరిచేదీ పక్కనుంచి పారే నీళ్లే. ఆ రెండూ ఒకేసారి లేకుండా పోతాయి.

మూడోసారి కాలిన రోజు మెకానిక్ మోటరును వేపచెట్టు కింద పడుకోబెట్టి, పంపు మూత విప్పి నాకు చూపించాడు. ఇంపెల్లర్లు వేడికి మెత్తబడి ఒకదానికొకటి అతుక్కున్నాయి. "బోరు చిన్నదాయె సార్, మోటరు పెద్దదాయె. నీళ్లు లేనికాడ అది ఏం గుంజాలె?" అన్నాడు. అప్పటిదాకా నేను మోటరు కంపెనీనీ, కరెంటునీ, మెకానిక్‌నీ వంతులవారీగా అనుమానిస్తూ వచ్చాను. బోరును మాత్రం ఒక్కసారి కూడా కొలవలేదు.

5 హెచ్‌పీ ఎందుకు పెట్టామంటే, పక్క చేను కాక పెట్టాడు కాబట్టి. "నా దాంట్లె ఐదున్నది, నువ్వు గూడ ఐదే దింపు" అన్నాడు, దింపాం. ఆయన చెప్పింది మంచి మనసుతోనే, పైగా ఆయన బోరుకు అది సరిపోతుంది కూడా. కానీ మా రెండు బోర్ల మధ్య దూరం నూటయాభై గజాలైనా, కింద రాయి ఒకటి కాదు. తెలంగాణలో చాలాభాగం, రాయలసీమలో కొంతభాగం గ్రానైట్ జాతి గట్టిరాయి మీదే ఉంది. ఇసుక నేలల్లో లాగా నీళ్లు అంతటా పరుచుకుని ఉండవు. పైన మెత్తబడిన పొరలోనూ, కింద రాతి పగుళ్లలోనూ ఉంటాయి. పగులు తగిలిన బోరుకు మూడించుల నీళ్లు, తగలని బోరుకు దుమ్ము. అందుకే గట్టిరాయి నేలలో పక్కవాడి మోటరు చూసి కొనడంకన్నా పెద్ద పొరపాటు లేదని నా నమ్మకం. హెచ్‌పీ అనేది గుంజే బలం మాత్రమే. నీళ్లు ఇచ్చేది పగులు.

అసలు ఈ "ఇంచుల నీళ్లు" అనే మాట దగ్గరే సగం తికమక మొదలవుతుంది. బోరు వేసిన రోజు వీ ఆకారపు గాటు ఉన్న పలకను కాలువకు అడ్డంపెట్టి, గాటులో నీళ్లు ఎంత ఎత్తున పారుతున్నాయో స్కేలుతో చూస్తారు. తొంభై డిగ్రీల గాటులో ఒక ఇంచు పారితే గంటకు దాదాపు 510 లీటర్లు. ఒకటిన్నర ఇంచుకు 1,400. రెండించులకు 2,900. రెండున్నరకు 5,000. మూడించులకు 8,000. ఇంచు రెండింతలైతే నీళ్లు రెండింతలు కావు, ఐదున్నర రెట్లకు పైనే పెరుగుతాయి. కానీ ఊళ్లో "రెండించుల నీళ్లు పడ్డయి" అంటే వినేవాళ్లు రెండించుల పైపు నిండా నీళ్లని అనుకుంటారు. రెండించుల పైపు నిండుగా, మంచి ఊపు మీద పోస్తే గంటకు 11,000 లీటర్ల వరకు వస్తాయి. ఒకే మాట, దాదాపు నాలుగు రెట్ల తేడా. ఇంచుల మాట విని మోటరు కొంటే ఈ తేడా అంతా మన నెత్తిన పడుతుంది.

దీనికి మందు చాలా చవక. 200 లీటర్ల డ్రమ్ము ఒకటి, చేతిలో ఫోను. ఇప్పుడున్న మోటరుతోనో, అద్దెకు తెచ్చిన మోటరుతోనో రెండు గంటలు ఆపకుండా తోడి, నీళ్ల ధార నిలకడకు వచ్చాక డ్రమ్ము నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడాలి. 7,20,000ను ఆ సెకన్లతో భాగిస్తే గంటకు ఎన్ని లీటర్లో వస్తుంది. మా బోరుకు 144 సెకన్లు పట్టింది. అంటే 5,000 లీటర్లు. మొదటి పది నిమిషాల్లో కొలిచి ఉంటే 70 సెకన్లే వచ్చేది, ఎందుకంటే అప్పుడు వస్తున్నవి బోరులో నిల్వ ఉన్న నీళ్లు, ఊరే నీళ్లు కావు. ఈ పని ఏప్రిల్ చివర్లోనో మేలోనో చేయాలి. కార్తీకంలో కొలిచిన బోరు వైశాఖంలో మాట తప్పుతుంది.

రైతులు కొలవగలరా అని ఎవరైనా అడిగితే నేను ఒక్క ఉదాహరణ చెబుతాను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000ల దశకంలో ఏపీఎఫ్ఏఎంజీఎస్ అనే పేరుతో ఒక ప్రాజెక్టు నడిచింది. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో రైతులే, వాళ్లలో చాలామంది మహిళలు, తమ ఊరి బోర్లలో నీటి మట్టం కొలిచి, డ్రమ్ముతో ఊట కొలిచి, ఆ ఏడు నీళ్లు ఎన్ని ఉన్నాయో లెక్కగట్టి ఏ పంట వేయాలో మాట్లాడుకున్నారు. అక్షరం రాని వాళ్లు కూడా అందులో అంకెలు రాశారు.

ఊరేది తెలిశాక, కావలసింది ఎంత? మా లెక్క ఇది. ఎకరం మీద ఒక మిల్లీమీటరు నీళ్లు పరిస్తే 4,047 లీటర్లు. అరెకరం కూరగాయలకు ఎండాకాలం రోజుకు 6 మిల్లీమీటర్లు వేసుకుంటే 12,000 లీటర్లు. ఒకటిన్నర ఎకరంలో 240 మామిడి చెట్లు, చెట్టుకు 50 లీటర్ల చొప్పున ఇంకో 12,000. ఇంట్లో ఐదుగురం, జల్‌జీవన్ మిషన్ కొలత ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్లు. రెండు బర్రెలకు 160. ఇల్లూ గొడ్లూ కలిపి అయిదు వందలు దాటవు. మొత్తం 25,000 లీటర్లు. ఇదే చోట ఒక్క ఎకరం వరి పెడితే, రోజుకు 8 మిల్లీమీటర్లు తాగినా, దానికొక్కదానికే 32,000 కావాలి. పెద్ద మోటరు కావాలని అనిపించేది చాలాసార్లు ఇక్కడే. నిజానికి అప్పుడు మార్చాల్సింది పంటను.

25,000 లీటర్లను ఆరు గంటల్లో తోడాలంటే గంటకు 4,200, సెకనుకు 1.16 లీటర్లు. ఊట 5,000 కాబట్టి బోరుకు ఊపిరి ఆడుతుంది. ఊటలో 80, 85 శాతం దాటి తోడకపోవడమే మంచిది.

ఇక ఎత్తు. ఇక్కడ చాలామంది బోరు లోతు చెబుతారు, "280 అడుగుల బోరు" అని. పంపుకు ఆ అంకెతో పని లేదు. మోటరు 200 అడుగుల దగ్గర వేలాడుతోందా, 230 దగ్గరా అన్నది కూడా ముఖ్యం కాదు. మోటరు నడుస్తున్నప్పుడు నీళ్లు ఎక్కడ నిలబడుతున్నాయో అదే లెక్క. మా బోరులో మేలో ఆ మట్టం 150 అడుగులు. డ్రిప్ నేరుగా నడవాలంటే గేటు దగ్గర చదరపు సెంటీమీటరుకు ఒకటిన్నర కిలోల ఒత్తిడి కావాలి, అది 50 అడుగుల ఎత్తుతో సమానం. మొత్తం 200.

ఆ తర్వాతది పైపు రాపిడి. దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు, నేనూ తీసుకోలేదు. బోరులో 200 అడుగుల కాలమ్ పైపు, బయట 300 అడుగుల పైపు, మొత్తం 500 అడుగులు. సెకనుకు 1.16 లీటర్లు పారేటప్పుడు, పైపు లోపలి వ్యాసం 40 మిల్లీమీటర్లైతే రాపిడికి పోయేది 13 అడుగుల ఎత్తు. 32 అయితే 39 అడుగులు. 25 అయితే 131 అడుగులు! ఇంచు పైపు వేసి కొంత డబ్బు మిగిల్చామని సంతోషించిన రైతు, లేని 131 అడుగుల కొండ ఒకటి తన బోరు మీద కట్టుకున్నట్టు. ఆ కొండను మోటరు రోజూ ఎక్కాలి. పైపు వ్యాసం కొద్దిగా తగ్గితే రాపిడి దాదాపు ఐదో ఘాతంలో పెరుగుతుంది. మోటరు మీద ఒక హెచ్‌పీ పెంచే డబ్బుంటే, ముందు దాన్ని పైపు మీద పెట్టమని నా మాట.

40 మిల్లీమీటర్ల పైపుతో మా మొత్తం ఎత్తు 213 అడుగులు, 65 మీటర్లు. సెకనుకు లీటర్లను మీటర్ల ఎత్తుతో గుణించి 75తో భాగిస్తే నీళ్లకు కావలసిన హెచ్‌పీ వస్తుంది. 1.16ను 65తో గుణించి 75తో భాగిస్తే ఒకటి. ఈ సైజు పంపులు తీసుకున్న బలంలో సుమారు సగమే నీళ్లకు అందిస్తాయి, కాబట్టి 2 హెచ్‌పీ. మే నెల మట్టమే లెక్కలో పెట్టాం కనుక భయానికని మళ్లీ పైన కలపనక్కర్లేదు. మూడుసార్లు కాలిన 5 హెచ్‌పీ ఉన్నచోట కావలసింది 2.

ఇది ఇన్నాళ్లూ కనబడకపోవడానికి ఒక కారణం కరెంటు బిల్లు లేకపోవడం. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో సాగుకు ఉచిత విద్యుత్తు వచ్చింది. తెలంగాణలో 2018 జనవరి 1న 24 గంటల సరఫరా మొదలైంది. రైతుకు అది ఊపిరి, అందులో నాకు రెండో మాట లేదు. కానీ బిల్లు వచ్చే ఇంట్లో మోటరు తప్పైతే నెలాఖరుకు తెలుస్తుంది, చేనులో మాత్రం కాలినప్పుడే తెలుస్తుంది. ఉచిత విద్యుత్తు మొదలైన కొత్తలో నాలుగు షరతులు పెట్టారు: ఐఎస్ఐ మార్కు పంపు, కెపాసిటర్, రాపిడి తక్కువ ఫుట్‌వాల్వ్, ప్లాస్టిక్ పైపు. నాలుగూ ఇంజనీరింగు తెలిసిన మనుషులు రాసినవి. ఎన్ని చేన్లలో అమలయ్యాయన్నది స్టార్టరు డబ్బాల్లోకి తొంగిచూస్తే తెలుస్తుంది.

కరెంటు వైపు కూడా కొన్ని అంకెలు చూద్దాం. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరు నిండా మోస్తే ఫేజుకు 35 ఆంపియర్లు. 5 హెచ్‌పీ బోరు మోటరు నడిచేటప్పుడు తినేది తొమ్మిదికి కాస్త తక్కువ, కానీ నేరుగా స్టార్ట్ చేసిన క్షణంలో ఆరు రెట్లు, యాభైకి పైనే. కరెంటు పోయి వచ్చినప్పుడు ఆటోస్టార్టర్లున్న మూడు మోటార్లు ఒకేసారి లేస్తే 150 ఆంపియర్లు. ట్రాన్స్‌ఫార్మరు ఎందుకు పేలుతుందో ఇక వేరే చెప్పక్కర్లేదు. 2 హెచ్‌పీ మోటరు లేచేటప్పుడు అడిగేది 22 ఆంపియర్లు. అందరూ తమ బోరుకు తగ్గ మోటరు పెట్టుకుంటే ఊరి వోల్టేజీయే మారుతుంది. వోల్టేజీ 415 నుంచి 340కి పడితే మోటరు లేచే బలం మూడింట రెండొంతులకు పడిపోతుంది, ఎందుకంటే బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. లేవలేక మూలుగుతూ నిలబడ్డ మోటరులో వైండింగు కాగుతుంది. ఒక ఫేజు పోయినప్పుడు మిగిలిన రెంటి మీద నడిచినా అంతే. అందుకని స్టార్టరులో ఓవర్‌లోడు రిలే, సింగిల్ ఫేజు ప్రివెంటరు, డ్రై రన్ కాపలా మూడూ ఉండాలి. ఆటోస్టార్టరు పెట్టుకోక తప్పదనుకునేవాళ్లు కనీసం ఆలస్యంగా లేచే టైమరు పెట్టించండి, పక్కవాళ్లకంటే రెండు నిమిషాలు వెనక.

దుకాణంలో నేను అడిగిన మొదటి ప్రశ్న ధర కాదు. "65 మీటర్ల ఎత్తుకు నిమిషానికి ఎన్ని లీటర్లు?" అని అడిగాను. కౌంటరు మీది అబ్బాయి ముందు "మంచి ప్రెజర్ సార్" అన్నాడు, మళ్లీ అడిగితే కేటలాగు తీశాడు. ఒకే హెచ్‌పీలో ఐదారు మోడళ్లుంటాయి. స్టేజీలు, అంటే ఒకదానిపై ఒకటి పేర్చిన ఇంపెల్లర్లు, తక్కువైతే తక్కువ ఎత్తుకు ఎక్కువ నీళ్లు, స్టేజీలు ఎక్కువైతే ఎక్కువ ఎత్తుకు తక్కువ నీళ్లు. పట్టికలో మనకు కావలసిన ఎత్తు ఆ మోడల్ పరిధిలో నడుమన పడాలి, చివరన కాదు. 120 మీటర్లకు చేసిన పంపును 50 మీటర్లకు వాడితే మోటరు మీద భారం పెరుగుతుంది, లోపలి ఇంపెల్లర్లు పైకి తన్నుకుని అరుగుతాయి. మా అంకెకు దగ్గరగా వచ్చింది 65 మీటర్లకు నిమిషానికి 70 లీటర్లిచ్చే 2 హెచ్‌పీ మోడల్. నిమిషానికి 70 అంటే గంటకు 4,200. పంపు ప్లేటు మీద ఐఎస్ఐ గుర్తు, బోరు పంపు సెట్లకు ఉండే ఐఎస్ 8034 నంబరు చూసుకోవాలి. చేదబావి, చెరువు గట్టు మీద పెట్టే మోనోబ్లాక్‌కైతే ఐఎస్ 9079. మోనోబ్లాక్ పీల్చగలిగేది ఆచరణలో ఇరవై, ఇరవై రెండు అడుగులే, దాన్ని బోరుకు అమ్మజూపితే లేచి వచ్చేయండి.

కేబుల్ గురించి ఒక్క మాట. స్టార్టరు నుంచి మోటరు దాకా 150 మీటర్లుండి, 9 ఆంపియర్లు పారుతుంటే, 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో 22 వోల్టులు దారిలోనే పోతాయి. 2.5లో 14, నాలుగులో 9. తీగలో జాయింట్లు ఎన్ని తక్కువైతే అంత మేలు, నీళ్లలో మునిగే జాయింటు మోటరు దగ్గర ఒక్కటే ఉండాలి.

సోలార్ తీసుకోవాలనుకునే వాళ్లకు ఈ లెక్క ఇంకా ముఖ్యం. 3 హెచ్‌పీకి దాదాపు 3,000 వాట్ల పలకలు, 5 హెచ్‌పీకి 4,800 వాట్లు కావాలి. 2019లో మొదలైన పీఎం కుసుమ్ పథకంలో రాయితీ ఉన్నా, అక్కర్లేని హెచ్‌పీకి కూడా మన వాటా మనం కట్టాల్సిందే.

ఇప్పటికే పెద్ద మోటరు దింపేసిన వాళ్లు దాన్ని పారేయనక్కర్లేదు. బయటి పైపు మీద గేటు వాల్వు బిగించి, మోటరు నడుపుతూ మెల్లగా మూయండి. ధార ఆగి ఆగి కాకుండా ఏకధాటిగా గంటసేపు వచ్చేచోట ఆపి, మళ్లీ ఎవరూ తిప్పకుండా పిడి తీసేయండి. మోటరు కరెంటును వృథాగా తింటుందేమో కానీ నీళ్లు లేక కాలదు.

మా కొత్త మోటరు దింపే రోజు మెకానిక్ చేసిన ఒక పని నాకు బాగా నచ్చింది. మోటరు పక్కనున్న బిరడాలు రెండూ విప్పి, ఇంట్లోంచి తెచ్చిన మంచినీళ్ల బిందెతో నింపాడు. నింపి, చిన్నపిల్లను ఊపినట్టు అటూ ఇటూ వంచాడు. బుడగలు వచ్చాయి. మళ్లీ నింపాడు, మళ్లీ వంచాడు. బుడగ రాకుండా అయ్యేదాకా నాలుగుసార్లు. "గాలి మిగిలితే బేరింగు పోతది" అన్నాడు. బోరు అడుగుకు ఆనకుండా 200 దగ్గరే ఆపాడు, ఇసుక పీల్చకూడదని. స్విచ్ వేసి నీళ్లు చూశాడు, ఆపి రెండు ఫేజులు మార్చి మళ్లీ వేశాడు. రెండోసారి ధార బలంగా వచ్చింది. మోటరు ఎదురు తిరిగినా కొన్ని నీళ్లు పోస్తుంది, అందుకే ఆ తప్పు ఏళ్ల తరబడి ఎవరికీ తెలియదని చెప్పాడు.

స్టార్టరు డబ్బా తలుపు లోపల సుద్దముక్కతో మూడు అంకెలు రాసుకున్నాను: 3.7 ఆంపియర్లు, 171 సెకన్లకు డ్రమ్ము, నీటి మట్టం 150. మరుసటి మేలో మళ్లీ వెళ్లినప్పుడు పక్కనే ఇంకో వరుస రాశాను. 3.6, 185, 158. పక్క చేను కాక వచ్చి ఆ తలుపు చూసి, ఇదేంటని అడిగాడు. చెప్పాను. మరునాడు పొద్దున మా డ్రమ్ము ఆయన చేన్లో ఉంది.